పాదిరి చేతి పిస్తోలు

త్రాగుడు మాన్పవలె ననుటలో మాకు సందేహము లేదు. దాని నెవరు మాన్పవలె ననుటయే చిక్కు. 1990 ప్రాంతమున జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలలో నక్సలైట్లు సారాయిని నిషేధించిరి. కూలిడబ్బు లిల్లు చేరిన స్త్రీలు సంతసించియుందురు. కాని యా యాజ్ఞ వెనుక తుపాకి యుండెను. ఈ సందర్భమున కెనడా పాదిరి యొకని కథ మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఆంటేరియో రాష్ట్రమున 1916లో మద్యనిషేధ శాసన మమలులోనికి వచ్చెను. అయినను డెట్రాయిటు నదిపై దొంగసారాయి పడవలు సాగుచునే యుండెను. శాండ్విచ్ పట్టణపు మెథడిస్టు పాదిరి స్ప్రాక్లిన్ అధికారుల యలసత్వమును బహిరంగముగా నిందింపగా, ప్రభుత్వమువారు 1920లో ఆయననే తనిఖీదారుగా నియమించిరి. నిందించిన నోటికే యధికార మిచ్చుట యెంత సులువైన యుపాయము! ఆ నవంబరు 6వ తేదీ వేకువను, తనిఖీకి పోయి, బాల్యమునుండి తానెఱిగిన హోటలు యజమాని ట్రంబుల్‌ను కాల్చి చంపెను. అతని చేత తుపాకి యుండెనని పాదిరి వాదము; లేదని మృతుని భార్య సాక్ష్యము. 1921లో న్యాయస్థానము ఆత్మరక్షణమని యాయనను విడిచిపెట్టెను. ఊరివారు మాత్రము రెండు పక్షములైరి. 1927లో ఆ నిషేధమే తొలగిపోయెను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణమును మూయించిరి. వారి చేత పిస్తోలు లేదు. మరుసటి యేడు అక్టోబరులో ప్రభుత్వమే సారాయిని నిషేధించెను.