బొగ్గు పట్టుకుంటుంది, చంపదు

పత్తి కట్టె, వరి ఊక ఊరికే తగలబెట్టకుండా బయోచార్ చేసి పొలంలో వేయమని ఈమధ్య అందరూ చెప్తున్నారు. అదే బొగ్గు మందుల ఫ్యాక్టరీ నీళ్లలోని యాంటీబయోటిక్‌లను కూడా లాగుతుందంటున్నారు. అది నిజమే. కానీ దాని వెనక చరిత్ర కొంచెం తెలుసుకోవాలి.

బొగ్గుకు మురికిని పట్టుకునే గుణం ఉందని 1785లో రష్యాలో లోవిట్జ్ అనే మందుల తయారీదారు గమనించాడు. బొగ్గు వేస్తే రంగు నీళ్లు తేటబడ్డాయి. తర్వాత చక్కెర తెల్లబరచడానికి వాడారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు నుంచి సైనికులను కాపాడిన మాస్కుల్లో కొబ్బరి చిప్పల బొగ్గు ఉంది.

ఇక మన దగ్గరి సంగతి. 1970ల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చింది. మందుల ఫ్యాక్టరీలు పెరిగాయి, వాటి నీళ్లు వాగుల్లో కలిశాయి. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలన్నిటికీ కలిపి నీటి శుద్ధి కేంద్రం పెట్టారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఒక పరిశోధన అచ్చేశారు. సుమారు 90 ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేసి వదిలాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఒక్కరోజులో పోయిన మందు 44 కిలోలని లెక్క కట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తానికి అది 5 రోజుల వాడకం!

శుద్ధి చేశాక కూడా ఎందుకు మిగిలింది? ఇలాంటి కేంద్రాల్లో మురికిని తినేది సూక్ష్మజీవులు. యాంటీబయోటిక్ ఉన్నదే సూక్ష్మజీవులను చంపడానికి. చావకుండా మిగిలినవి మందుకు అలవాటు పడి మొండివవుతాయి. ఆ వాగు అడుగు మట్టిలో అలాంటి మొండి గుణాలు బాగా ఉన్నాయని 2011లో తేలింది. అలాంటి క్రిములు మనిషికో బర్రెకో సోకితే ఆ మందు వేసినా తగ్గదు.

బయోచార్ పని చేసేది ఇక్కడే. గాలి తగలకుండా కాల్చిన బొగ్గులో కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని ఉంటాయి. మందు అణువులు వాటిలో, వాటి గోడలకు అతుక్కుంటాయి. ప్రయోగశాలల్లో ఊక బొగ్గుతో కూడా ఇది రుజువైంది. అయితే ఫ్యాక్టరీ నీళ్లలో ఉప్పులు, ఇతర రసాయనాలు కూడా చోటు కోసం పోటీ పడతాయి. రంధ్రాలు నిండాక బొగ్గు ఇక పట్టదు.

అసలు మాట ఇది. బొగ్గు మందును పట్టుకుంటుంది, చంపదు. నీళ్లలోది బొగ్గులోకి మారుతుంది, అంతే. కాబట్టి మందు నీళ్లు తాగిన బొగ్గును ఎవరైనా ఎరువని చవగ్గా ఇస్తే తీసుకోవద్దు. దాన్ని మళ్లీ పెద్ద వేడిలో కాల్చాలి, ఆ పని ఫ్యాక్టరీవాళ్లదే. మన కట్టెతో మనం చేసుకున్న బొగ్గు వేరు, వాళ్లు వాడేసిన బొగ్గు వేరు. బయోచార్ కొనేటప్పుడు ఒక్క మాట అడగండి: ఇది ఇంతకుముందు ఏ నీళ్లలో మునిగింది?