వెండి నాణెంపై రంగు: తోమాలా, వదిలేయాలా?

ప్రస్తావన

మీ ఇంటి పూజగదిలోనో, పాత ట్రంకు పెట్టెలోనో వెండి నాణెం ఉంటే, దాన్ని ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. అయితే దాన్ని తుడవకండి. వరంగల్ ప్రాంతంలో అలాంటి నాణెం సాధారణంగా రెండింటిలో ఒకటై ఉంటుంది. మొదటిది నిజాం కాలపు చార్మినార్ రూపాయి, అంటే హాలీ సిక్కా. రెండవది గాంధీజీ శతజయంతికి 1969లో భారత ప్రభుత్వం విడుదల చేసిన పది రూపాయల స్మారక నాణెం. ఏళ్లు గడిచేకొద్దీ రెండింటి మీదా రంగు పొర ఏర్పడుతుంది. నాణేల సేకర్తలు దీన్ని 'టోనింగ్' అంటారు. ఈ పొర అందమా, మురికా అన్న విషయంలో వారికి ఏకాభిప్రాయం లేదు. చరిత్ర విద్యార్థికి ఈ వివాదం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చూద్దాం.

రంగు ఎలా వస్తుంది?

గాలిలో కొద్దిపాటి గంధక వాయువులు ఉంటాయి. అవి వెండితో కలిసి నాణెం మీద సిల్వర్ సల్ఫైడ్ అనే పలుచని పొరను ఏర్పరుస్తాయి. పొర మందం పెరిగేకొద్దీ లేత పసుపు, గోధుమ, ఊదా, నీలం రంగులు కనిపించి, చివరకు నాణెం నల్లబడుతుంది. తడి రోడ్డు మీద పడిన నూనె చుక్కలో రంగులు కనిపించడానికీ ఇలాంటి కారణమే ఉంది. వేడి, తేమ, గంధకం ఉన్న అట్టలు, కాగితాలు ఈ మార్పును వేగవంతం చేస్తాయి.

లోహ మిశ్రమాన్ని బట్టి కూడా రంగు మారుతుంది. గాంధీ నాణెం బరువు 15 గ్రాములు, అందులో వెండి 80 శాతం. 1972లో స్వాతంత్ర్య రజతోత్సవానికి వచ్చిన పది రూపాయల నాణెంలో వెండి 50 శాతమే. వెండి తగ్గి రాగి పెరిగిన నాణేలపై మట్టి రంగు, కిలుము ఎక్కువగా కనిపిస్తాయి.

అభిరుచులు ఎందుకు వేరు?

సేకర్తల్లో కొందరికి టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టు తెల్లగా మెరిసే నాణెం కావాలి. కొందరికి అంతటా సమానంగా పరుచుకున్న బూడిద రంగు ఇష్టం. మరికొందరు ఇంద్రధనుస్సు రంగులున్న నాణేనికి ఎక్కువ ధర ఇస్తారు.

మెరుపు మీది మోజుకు మన ప్రాంతంలో బలమైన చారిత్రక కారణం ఉంది. ఒకప్పుడు రూపాయి విలువ అందులోని వెండిని బట్టే ఉండేది. హాలీ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ ఇండియా 'కల్దారు' రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి సుమారు 91.7 శాతం. లెక్క వేసి చూడండి: ఏడు హాలీ రూపాయల్లోనూ, ఆరు కల్దార్లలోనూ దాదాపు 64 గ్రాముల చొప్పున వెండి ఉంటుంది. రెండింటి మారకపు రేటు కూడా ఏడుకు ఆరే. అందుకే షరాబు రూపాయిని రాతి మీద మోగించి, దాని మెరుపు చూసి తీసుకునేవాడు. ఇళ్లలో పండుగ ముందు వెండిని కుంకుడు రసంతోనో, విభూదితోనో తోమడం ఆచారం. ఆ దృష్టిలో నల్లబడిన వెండి అశ్రద్ధకు గుర్తు.

నాణెం లోహపు ముక్కగా కాక సేకరణ వస్తువుగా మారినప్పుడు ఈ దృష్టి మారింది. నేడు నాణేలకు గ్రేడు ఇచ్చే సంస్థలు తోమిన నాణేన్ని గుర్తించి 'శుభ్రం చేసినది' అని రాస్తాయి. దానితో ధర తగ్గుతుంది.

చరిత్ర విద్యార్థి ఏం చేయాలి?

చార్మినార్ రూపాయి మీద మధ్య ద్వారంలో ఒక చిన్న అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఏళ్ల తరబడి తోమితే ఇలాంటి సన్నని వివరాలే ముందుగా అరిగిపోతాయి. రంగు పొర కూడా ఒక ఆధారమే. దండలో ధరించిన రూపాయికి కొండీ చుట్టూ ఒక రంగు, ఒంటికి రాసుకున్న చోట మరో రంగు ఉండవచ్చు. తోమితే ఆ నాణెం ఎలా బతికిందో చెప్పే గుర్తు పోతుంది.

అయితే రంగును గుడ్డిగా నమ్మకూడదు. గంధకంతోనో, ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొనతోనో కొద్ది రోజుల్లో రంగు తెప్పించే మోసగాళ్లు ఉన్నారు. కాబట్టి రంగు ఒక్కటే వయసుకు రుజువు కాదు. నాణెం మీద ఉన్న అంకెలను కూడా జాగ్రత్తగా చదవాలి. గాంధీ నాణెం మీది '1869–1948' చూసి అది 1948లో ముద్రించినదని చాలామంది పొరబడతారు. అవి గాంధీజీ జనన, మరణ సంవత్సరాలు.

అలాగని ప్రతి మచ్చనూ కాపాడాలని కాదు. నాసిరకం ప్లాస్టిక్ కవర్ల వల్ల పట్టే ఆకుపచ్చని జిగురు, రాగి కిలుము నాణేన్ని తినేస్తాయి. వాటిని తొలగించే పని నిపుణులకు అప్పగించాలి.

సారాంశం

మెరుపు నచ్చడం, రంగు నచ్చడం అభిరుచికి సంబంధించిన విషయాలు. తోమిన పొర మళ్లీ రాదన్నది మాత్రం వాస్తవం. అందువల్ల మీ ఇంటి నాణేన్ని ముందు ఫొటో తీయండి, తూచండి. అది ఎవరి ద్వారా, ఎలా వచ్చిందో పెద్దలను అడిగి రాసుకోండి. తోమాలా వద్దా అన్నది ఆ తర్వాతే ఆలోచించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు ఎందుకు సమానమయ్యాయి?
2. నాణెంపై రంగు పొర చరిత్రకు ఎప్పుడు ఆధారమవుతుంది? ఎప్పుడు కాదు?