బొబ్బిలి నుంచి మద్రాసు మంత్రివర్గానికి

1919 భారత ప్రభుత్వ చట్టం తెచ్చిన ద్వంద్వపాలనలో విద్య, ఆరోగ్యం వంటి ‘బదిలీ శాఖలు’ మంత్రులకు దక్కగా, ఆర్థికం, పోలీసు వంటి కీలక శాఖలు గవర్నరు కార్యనిర్వాహక మండలి చేతిలోనే ఉండిపోయాయి. ఆ పరిమిత అధికారంతోనే జస్టిస్ పార్టీ నాయకుడు, బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు 1932లో మద్రాసు ముఖ్యమంత్రి అయ్యారు. 1935 చట్టం ఆ విభజనను తొలగించాక 1937లో జరిగిన ఎన్నికల్లో, తరతరాలుగా తమ వంశం ఏలిన బొబ్బిలిలోనే ఆయన కాంగ్రెస్ అభ్యర్థి, కార్మిక నాయకుడు వి.వి. గిరి చేతిలో ఓడిపోవడం జమీందారీ ప్రాబల్యానికి తగిలిన పెద్ద దెబ్బ.

అదే ఏడాది జులైలో కాంగ్రెస్ నాయకుడు రాజాజీ ప్రధానిగా, అంటే రాష్ట్ర ప్రభుత్వాధినేతగా, ఏర్పడిన మంత్రివర్గంలో గిరికి కార్మిక, పరిశ్రమల శాఖలు లభించాయి. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం ఏర్పడి, భూమికి నిజమైన యజమాని రైతేనని తేల్చింది. ఉత్తరాంధ్ర రైతులకు ఎంతో విలువైన ఆ నిర్ణయం చట్టరూపం దాల్చకముందే, భారతీయులను సంప్రదించకుండా బ్రిటిష్ ప్రభుత్వం దేశాన్ని రెండో ప్రపంచ యుద్ధంలోకి దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది.