దూరం నుంచి కొలిచే డైమెన్షన్

గీతకు ఒక డైమెన్షన్, కాగితానికి రెండు, గదికి మూడు. బడిలో ఇంతటితో సరిపెడతారు. గీత మీద ఎన్ని బిందువులున్నాయో చదరంలోనూ అన్నే ఉన్నాయని 1877లో గణితవేత్త కాంటర్ నిరూపించేసరికి ఈ లెక్కకు ఆధారమే కదిలిపోయింది. 1890లో మరో గణితవేత్త పియానో ఒకే వక్రరేఖతో చదరమంతా నింపేశాడు. మరి డైమెన్షన్ అంటే ఏమిటి?

దారి చూపింది ఫ్రెంచి గణితవేత్త లెబేగ్, 1911లో. మేస్త్రీ కీళ్లు కలవకుండా పేర్చిన ఇటుక గోడను ఎదురుగా నిలబడి చూడండి. ఎక్కడా మూడు ఇటుకలకు మించి ఒకచోట కలవవు. చిన్న చిన్న ముక్కలతో తలాన్ని ఎలా కప్పినా ఆ మూడు తప్పదు. మూడులోంచి ఒకటి తీసేస్తే తలం డైమెన్షన్ రెండు. లెబేగ్ నిరూపణలో లోపం ఉండిపోయింది. సరైన నిరూపణ 1913లో బ్రౌవర్ ఇచ్చాడు.

ఇదంతా దగ్గర చూపు. అనంత గ్రూపుల (పూర్ణసంఖ్యల్లా, మూలకాలను కలుపుతూ, వెనక్కి తీసుకుంటూ పోగల అనంత సముదాయాల) దగ్గర అది పనికిరాదు. గ్రూపులో దూరమంటే ఒక మూలకం నుంచి ఇంకోదానికి వెళ్లడానికి పట్టే అడుగుల సంఖ్య. ఏ అడుగులు వాడాలో (అవి పరిమిత సంఖ్యలో ఉండాలి) మనమే ఎంచుకుంటాం కాబట్టి, ఎంపిక మారితే దగ్గరి దూరాలు తారుమారవుతాయి. దూరం నుంచి చూసిన ఆకారం మాత్రం చెక్కుచెదరదు. అందుకే మిఖాయిల్ గ్రొమోవ్ లెబేగ్ నిర్వచనాన్ని తిరగేశాడు: ముక్కలు ఎంత పెద్దవైనా సరే, అన్నిటికీ ఒకే హద్దుంటే చాలు; ఒకే రంగు ముక్కల మధ్య మాత్రం ఎంత అడిగితే అంత ఎడం ఉండాలి; అందుకు కావలసిన రంగుల్లోంచి ఒకటి తీసేస్తే డైమెన్షన్. 1993లో అచ్చయిన ఆయన గ్రంథంలో అసింప్టోటిక్ డైమెన్షన్ పుట్టింది.

పూర్ణసంఖ్యలనే తీసుకోండి. విడివిడి చుక్కలు, పాత లెక్కలో డైమెన్షన్ సున్నా. ఇప్పుడు వాటిని పదేసి చొప్పున కోసి, ఒక ముక్కకు ఎరుపు, పక్కదానికి నీలం వేయండి. ఎరుపు ముక్కల మధ్య ఎడం పదికి మించే ఉంటుంది, నీలానికీ అంతే. పది బదులు వెయ్యి అడిగినా, కోటి అడిగినా ముక్కల్ని పెంచుకుంటే చాలు, రెండు రంగులే సరిపోతాయి. ఒక్క రంగుతో కుదరదు. రెండులోంచి ఒకటి తీస్తే పూర్ణసంఖ్యల డైమెన్షన్ ఒకటి! చుక్కల వరసలో దాగిన గీత బయటపడింది. నాకు ఈ సిద్ధాంతంలో అన్నిటికంటే అందంగా తోచేది ఇదే. హద్దున్న ఏ వస్తువుకైనా ఈ లెక్కలో సున్నాయే, మన భూగోళానికి కూడా.

అయిదేళ్లకు ఈ ఊహ పెద్ద ఫలమిచ్చింది. అసింప్టోటిక్ డైమెన్షన్ పరిమితంగా ఉన్న గ్రూపుల్లో ఒక విస్తారమైన తరగతికి టోపాలజీలోని నోవికోవ్ ప్రతిపాదన (ఆకారాన్ని వంచినా సాగదీసినా కొన్ని కొలతలు మారవనే ఊహ) నిజమని 1998లో గువోలియాంగ్ యూ నిరూపించాడు. అన్ని గ్రూపులకూ అది నిజమేనా అన్నది ఇప్పటికీ తేలలేదు.