గోల్కొండ ఓడిన ఆట

వీకెండ్‌కి మొయినాబాద్, చేవెళ్ల వైపు వెళ్తుంటే ఫామ్‌హౌస్‌ల మధ్య హార్స్ రైడింగ్ బోర్డులు కనిపిస్తాయి. డబ్బులు కట్టి గుర్రమెక్కి, ఓ ఫొటో దిగి వస్తాం. నేనూ దిగాను. (గుర్రం అంగుళం కదల్లేదు, అది వేరే సంగతి.) మెహదీపట్నం నుంచి ఆ దారి గోల్కొండను ఒరుసుకునే పోతుంది. నూటపాతికేళ్ల కిందట గోల్కొండ గుర్రాలకు ఓ దొర ఉండేవాడు: అఫ్సర్-ఉల్-ముల్క్.

అసలు పేరు మీర్జా మహమ్మద్ అలీ బేగ్. 1852లో ఔరంగాబాద్‌లో పుట్టి, హైదరాబాద్ కంటింజెంట్‌లో చేరాడు. అదో తమాషా సైన్యం: ఖర్చు నిజాంది, హుకుం ఇంగ్లీషు అధికారులది. ఆ ఖర్చు బాకీల కిందే 1853లో బేరార్ చేజారింది. 1879-80 ఆఫ్ఘన్ యుద్ధం తర్వాత అతను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఏడీసీ అయ్యాడు. దర్బారులో బిరుదు మీద బిరుదు, చేతికింద గోల్కొండ బ్రిగేడ్, తర్వాత నిజాం సైన్యానికే కమాండర్. 1900లో చైనా యుద్ధానికీ వెళ్లొచ్చాడు.

అయితే ఆ సైన్యం ఎవరితో పోరాడాలి? 1798 సైన్య సహకార ఒప్పందం నుంచి ఆ మాట చెప్పే హక్కు హైదరాబాద్‌కి లేదు. అఫ్సర్ వెళ్లిన యుద్ధాలన్నీ ఇంగ్లీషువాళ్లవే. వాళ్లకు ఎదురుగా గుర్రాన్ని ఉరికించడానికి మిగిలిన చోటు పోలో మైదానం. మేజోళ్లు తొడుక్కుని ఆడే దొరల సరదా అని నేనూ తీసిపారేసేవాణ్ణి. ఇప్పుడు అలా అనలేను.

1896 నవంబరులో బెంగళూరు నుంచి ఫోర్త్ హుస్సార్స్ జట్టు హైదరాబాద్ వచ్చింది. ఇండియాలో దిగి రెండు నెలలు కూడా కాలేదు. అందులో ఇరవయ్యొక్కేళ్ల విన్‌స్టన్ చర్చిల్ ఉన్నాడు. బొంబాయి రేవులో దిగేటప్పుడు కుడి భుజం జారి, ఇక జీవితమంతా ఆ చేతిని కట్టుకునే పోలో ఆడినవాడు. ఎదురుగా అఫ్సర్ తయారుచేసిన గోల్కొండ బ్రిగేడ్. కప్పు వాళ్లదేనని అందరి లెక్క. గోల్కొండ 9-3తో ఓడింది.

చర్చిల్ 1930లో తన తొలినాళ్ల ఆత్మకథ అచ్చువేసినప్పుడు ఈ గెలుపును మురిపెంగా చెప్పుకున్నాడు. ఈ ఆటను మనం అతని కథలో ఒక పేజీగానే చదువుతున్నాం. ఆ సాయంత్రం గోల్కొండ గుర్రపుశాలలో ఏం మాట్లాడుకున్నారో నాకు వినాలనుంది.