గడ్డి, వాన, పుల్లరి

పుల్లరి మీద పల్నాడు ఎందుకు తిరగబడింది? బంబ్రాం మీద గోండులు ఎందుకు తిరగబడ్డారు? పన్ను భారం వల్ల అని పిల్లలకు చెప్పి ఊరుకుంటాం. అది నిజమే. కానీ ఆ పన్ను వేసింది గడ్డి మీద. గడ్డి బతికేది వాన మీద. ఆ సంగతి తెలిస్తేనే ఈ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

ఆదిలాబాద్ అడవుల్లో ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అందుకే అక్కడ టేకు, ఇప్ప, తునికి చెట్లు పెరుగుతాయి. చెట్ల సందుల్లో ఎండ తగిలే చోట గడ్డి ఏపుగా వస్తుంది. పల్నాటి వైపు దిగేసరికి వాన తగ్గుతుంది. చెట్లు పొట్టివై, ముళ్లపొదలు ఎక్కువవుతాయి. అనంతపురంలో వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడ గడ్డి పలచన, ఒక కార్తె తప్పితే బీడు బోసిపోతుంది. నేల గుణం కూడా తోడవుతుంది. తేమ పట్టి ఉంచే బరువు నేలల్లో చెంగలి గడ్డి పెరుగుతుంది. ఒంగోలు పశువులకు అది పేరున్న మేత.

వాన ఎంత పడిందన్నదే కాదు, ఎప్పుడు పడిందన్నదీ ముఖ్యం. మన వాన ఎక్కువగా నాలుగు నెలల వాన. తొలకరికి మొలిచిన గడ్డి, వానలు వెనకబట్టాక గింజ రాల్చి ఎండుతుంది. ఎండిన గడ్డి కడుపు నింపుతుంది కానీ బలమివ్వదు. కొన్ని గడ్లు ఎండాకాలమంతా వేరుతో బతుకుతాయి, కొన్ని గింజతోనే బతుకుతాయి. ఒకే చోట విడవకుండా మేపితే వేరుతో బతికేవి నశిస్తాయి. వాటి చోట ఏడాది గడ్డి, ఆ తర్వాత ముళ్లచెట్లు వస్తాయి. అందుకే పశువులున్న జాతులు ఒక్కచోట నిలవలేదు. గొల్లలు, కురుబలు, లంబాడాలు వానను బట్టి మందలను తోలుకుపోయారు. గోండులు ఆషాఢంలో అకాడి చేసి, అడవి తల్లికి మొక్కి, పశువులను మేతకు తోలుతారు. ఈ కదలికే గడ్డికి విశ్రాంతి.

1878 అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవికి హద్దురాళ్లు పడ్డాయి. లోపల మేపాలంటే తలకింత రుసుము కట్టాలి. వాన తప్పిన ఏడు ఊరి బీడు ముందే ఎండుతుంది, కాబట్టి అడవి మేత ఆ ఏడే ఎక్కువ కావాలి. పంట పోయి చేతిలో పైసా ఉండనిదీ ఆ ఏడే. వాన ఏటేటా మారుతుంది, హద్దురాయి మాత్రం మారదు. గొడవంతా అక్కడే పుట్టింది.

1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టకుండా పశువులను అడవిలోకి తోలారు. 1922 ఫిబ్రవరి 22న కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు బలయ్యాడు. నిజాం ఏలుబడిలోని ఆదిలాబాద్‌లో మేతకు బంబ్రాం, వంటకట్టెలకు దూపపెట్టి పేరుతో వసూలు చేశారు. జల్, జంగల్, జమీన్ అంటూ నిలబడిన కుమ్రం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. ఆ మాటల్లో మొదటిది జల్. నీరు లేనిదే జంగల్ లేదు, మేతా లేదు.

2006 అటవీ హక్కుల చట్టం మేత హక్కును గుర్తించింది. కాలాన్ని బట్టి మందలతో వచ్చిపోయే సంచార పశుపోషకుల హక్కునూ గుర్తించింది. కానీ మనం పోడు పట్టాల గురించి అడిగినంతగా మేత గురించి అడగడం లేదు. ఏ కార్తెలో ఏ గుట్ట మీద మేపేవారో, కరువు ఏడు ఎటు తోలేవారో మన పెద్దలకు తెలుసు. చట్టం నియమాల ప్రకారం పెద్దలు చెప్పిన మాటను రాసి ఇస్తే అదీ సాక్ష్యమే. గ్రామసభ కూర్చున్న రోజు ఆ దారులను రాయించాలి. చదువుకున్న పిల్లలు కలం పట్టాలి, పెద్దలు చెప్పాలి. ఆ పెద్దలు వెళ్లిపోతే ఆ సాక్ష్యం కూడా వారితోనే పోతుంది.