బంగాళాదుంపకు బరంపురం పోపు

కోస్తా తెలుగువారు బంగాళాదుంప అని పిలిచే దుంప ఏ దారిన వచ్చిందో దాని పేరే చెబుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల మీద, టిటికాకా సరస్సు పరిసరాల్లో వేల ఏళ్ల క్రితం సాగులోకి వచ్చిన ఈ పంటను 16వ శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు ఐరోపాకు చేర్చారు. పోర్చుగీసువారి వెంట పశ్చిమ తీరానికి వచ్చినది మరాఠీ, గుజరాతీ భాషల్లో బటాటాగా నిలిచిపోగా, ఆంగ్లేయుల కాలంలో బెంగాల్‌లో విస్తరించి దక్షిణానికి దిగివచ్చినది బంగాళాదుంప అయింది.

బెంగాల్ నుంచి తెలుగునేలకు వచ్చే తీరపు దారిలోనే గంజాం జిల్లా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న ఈ జిల్లాలో పెద్ద పట్టణం బరంపురం. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి 1894లో పుట్టింది ఇక్కడి తెలుగు కుటుంబంలోనే. పట్టణంలోని పాత వ్యాపార కేంద్రమైన బడా బజార్ పేరుకు ఒడియాలో పెద్ద బజారు అని అర్థం. రెండు భాషలు పక్కపక్కనే బతికే ఇలాంటి చోట వంటలు ఎలా కలుస్తాయో చూడాలంటే పండుగ వంటల కంటే ఆలు చకటా వంటి రోజువారీ వంటకమే మంచి సాక్ష్యం.

ఒడియాలో చకటిబా అంటే చేత్తో మెదపడం. ఉడికించిన దుంపలను ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, పచ్చి ఆవనూనెతో మెదిపి చేసే ఈ చకటాను, నీళ్లు పోసి పులియనిచ్చిన పఖాళ అన్నంలో, అంటే మన చద్దన్నానికీ తరవాణికీ దగ్గరిదైన అన్నంలో, నంజుకుంటారు. జర్మనీలో దుంపల సలాడ్‌కు ఆవముద్ద, వెనిగరు కలిపే అలవాటు ఉంది కనుక దుంపకూ ఆవకూ చుట్టరికం ఒక్క దేశానిది కాదు. ఉత్తరాంధ్ర వంటింట్లో ఆ చుట్టరికం ఆవపెట్టిన కూరగా కనిపిస్తుంది. ఆవాలను నీళ్లతో నూరినప్పుడు వాటిలోని ఒక ఎంజైము పనిచేసి ఘాటును పుట్టిస్తుంది, వేడి తగిలితే ఆ ఎంజైము చచ్చిపోతుంది. అందుకే ఆవముద్దను కూర పొయ్యి మీద నుంచి దించాకే కలపాలన్న నియమం పుట్టింది.

తెలుగు పోపులపెట్టెలో అరుదుగా కనిపించేది నల్ల జీలకర్ర. ఒడియావారు కళాజీరా అనే ఈ గింజకు జీలకర్రతో పేరులో తప్ప కులంలో పొత్తు లేదు. ఒడిశాలో జీలకర్ర, ఆవాలు, మెంతులు, సోంపు, నల్ల జీలకర్ర కలిపిన పంచఫుటణ అనే పోపుదినుసులను చాలా వంటకాల్లో వేస్తారు. అయితే ఆవముద్ద కలిపి చేసే ఈ చకటాకు ఐదూ అక్కర్లేదు. మెంతుల చేదు, సోంపు తీపి ఆవఘాటుకు అడ్డుపడతాయి, నల్ల జీలకర్ర ఒక్కటే దానికి తోడవుతుంది.

అరకిలో దుంపలను తొక్కతోనే ఉడికించి, చెయ్యి కాలుతుండగానే తొక్క తీసి, వేడి మీదే ఉప్పు చల్లితే అది లోపలిదాకా పడుతుంది. మెదిపేటప్పుడు అక్కడక్కడ పలుకులు మిగలాలి, పూర్తిగా ముద్దయితే చకటా జిగురుగా మారుతుంది. మూకుడులో రెండు చెంచాల ఆవనూనె పొగవచ్చేదాకా కాచి, దించి, కాస్త చల్లారాక అరచెంచా నల్ల జీలకర్ర వేస్తే గింజలు చిటపటమని, ఉల్లినీ మిరియాన్నీ తలపించే వాసన వస్తుంది. ఈ పోపును, చెంచాడు ఆవాలతో నూరిన ముద్దను, సన్నగా తరిగిన ఉల్లిపాయ, పచ్చిమిర్చిని, కాసింత నిమ్మరసాన్ని దుంపల్లో కలిపి పావుగంట మూతపెట్టి ఉంచాలి. ఒడియా నూనె, ఉత్తరాంధ్ర ఆవముద్ద ఒకే గిన్నెలో కలిసేది ఇక్కడే.

ఇంతగా ఇంటిదైపోయిన దుంపకు పూరీ జగన్నాథుని మహాప్రసాదంలో మాత్రం నేటికీ చోటు లేదు. టమాటా, పచ్చిమిర్చి వంటి పరదేశపు పంటలతో పాటు దాన్నీ ఆ వంటశాల దూరంగా ఉంచింది. తెలుగు ఇళ్లలో తద్దినం వంటకు మిరపకాయ మాని మిరియాలు వాడటం వెనకా ఇదే జ్ఞాపకం ఉంది. ఏ పంట పాతదో ఏది కొత్తదో పుస్తకాల కంటే ముందు ఈ వంటశాలలే గుర్తుపెట్టుకున్నాయి.

దుంప పేరులోని బెంగాల్ బంధం మాత్రం తెగలేదు, ఒడిశా నేటికీ బంగాళాదుంపల కోసం ప్రధానంగా పశ్చిమ బెంగాల్ మీదనే ఆధారపడుతోంది. 2024లో ఆ రాష్ట్రం తన దుంపలు సరిహద్దు దాటకుండా ఆపినప్పుడు ఒడిశా బజార్లలో ధరలు ఒక్కసారిగా పెరిగాయి.